సాయంత్రం దాకానే పనిచేసే సూది

టైల్స్ మేస్త్రిది ఏళ్లనాటి నడుంనొప్పి. వెన్నుపూసల కీళ్లలోకి సూది వేసిన డాక్టరమ్మ, "ఇది నొప్పి ఈ కీళ్లదేనా అని తేల్చే పరీక్షకే పెద్దాయనా, సాయంత్రం దాకానే పనిచేస్తుంది. ఈలోపు వంగండి, బరువులెత్తండి, నొప్పి పుడుతుందేమో చూడండి" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

విన్నాడా? కొత్తగా వేసిన టైల్స్ మీద, ఆరేదాకా పిల్లినైనా నడవనివ్వని మనిషాయె! మందూ అలాగే గట్టిపడాలనుకుని, ఇంటికొచ్చి కొయ్యలా పడుకున్నాడు. ఆ పూటంతా నొప్పన్నదే లేదు.

ఎప్పుడూ ఎత్తుకోని తాత చుట్టూ మనవరాలు తిరిగింది. "ఇవాళైనా ఎత్తుకో తాతా!"

"రేపు ఎత్తుకుంటాగా తల్లీ."

దీపాలు పెట్టేవేళకి నొప్పి తిరిగొచ్చింది.

తెల్లారగానే పిల్ల మంచం దగ్గర చేతులు చాచి నిలబడింది. "రేపు వచ్చేసింది తాతా!"

మేస్త్రి మొహం చాటేయడానికి గోడవైపు తిరగబోయాడు. నడుము దానికీ ఒప్పుకోలేదు.