ఇంజను ఆపిన మధ్యాహ్నం

బోరులో నీళ్లు ఆపింది నేనే. ఆ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. రామచంద్రపురం దగ్గర కాలువ మీద వంతెన కట్టేముందు, అడుగున ఇసుక ఎంత గట్టిదో చూసే పనిలో నేను కొత్త ఇంజనీరుని. బోరులోకి రాడ్డు దించి, దాని మీద బరువైన సుత్తిని ఒకే ఎత్తు నుంచి పడేస్తూ, రాడ్డు అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టాలి. దెబ్బలు ఎక్కువ పడితే ఇసుక గట్టిది. పని సాగినంతసేపూ బోరు నిండా నీళ్లుండాలి. బోరు మేస్త్రి ధవళేశ్వరం మనిషి, మా నాన్న వయసువాడు. బోరులోకి నీళ్లు పంపే ఇంజనును ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లాడు. అవతలి గట్టు మీద చర్చివాళ్లు ఎవరినో సమాధి చేస్తున్నారు. ఒక పెద్దాయన వచ్చి, "బాబూ, ప్రార్థనయ్యేదాకా ఆ ఇంజను కాస్త ఆపుతారాండి? పాస్టరుగారి మాట ఒక్కటీ వినబడట్లేదండి" అన్నాడు. ఆపాను. ఖాళీగా ఉండటమెందుకని కూలీల చేత రాడ్లు పైకి తీయించాను. ప్రార్థన అయ్యాక ఇంజను వేయించి బోరు నింపించాను. మేస్త్రి వచ్చేసరికి అంతా మామూలుగానే ఉంది.

కానీ సుత్తి వేస్తే రాడ్డు బురదలోకి దిగినట్టు దిగిపోయింది. పొద్దున అంత గట్టిగా ఉన్న ఇసుక! మేస్త్రి నా వైపు చూశాడు. నాకూ ఏమీ అర్థం కాలేదు.

సాయంత్రం పెద్ద ఇంజనీరు వచ్చి లెక్కలు చూశాడు.

"నీళ్లాపారు. కింద నుంచి ఇసుక పొంగి వదులైపోయింది."

"లేదండి. నిమిషం కూడా ఆపలేదండి" అన్నాడు మేస్త్రి.

"అయితే ఇసుక అబద్ధమాడుతోందా ఏంటయ్యా? తిని కునుకు తీశావా?"

"నా పిల్లల మీద ఒట్టండి!"

"వాళ్లనెందుకు లాగుతావు? రేపట్నుంచి రాకు."

కూలీలు నా మొహం చూశారు. ఒక ప్రార్థన జరిగినంతసేపు ఆపితేనే భూమిలో ఇసుక మారిపోతుందా? నేనాపినదాన్ని ఆపడమనే అంటారా? తేల్చుకోలేక నిలబడ్డాను. ఈలోగా మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పక్కనే ఇంకో బోరు వేస్తే ఇసుక గట్టిగానే తగిలింది. అప్పుడు తెలిసింది. అప్పుడూ చెప్పలేదు.

కొన్నేళ్లకు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మజ్జిగ ఇప్పించి ఎదురుగా కూర్చున్నాడు. జరిగింది చెప్పాను.

"అయితే నేను ఆపలేదాండి?"

నాకు అర్థం కాలేదు.

"అన్నానికెళ్తా అలవాటులో నేనే ఆపేశానేమో, మీరెవరో చూసి మళ్లీ వేశారేమో అనుకున్నానండి. పిల్లల మీద ఒట్టు కూడా వేశానాయె. ఇంకే బోరు దగ్గరకెళ్లినా అదే అనుమానం. అందుకే ఆ పని మానేశానండి."

గ్లాసు కింద పెట్టాను.

"మీరు ఆపలేదు మేస్త్రిగారూ. మీ ఒట్టు నిజమే. నేను ఆపాను, పక్కనే నిలబడి కూడా చెప్పలేదు. నన్ను క్షమించండి."