అంతోనమ్మ ఆకుముద్ద

టేకులపల్లి దాటి అడవి వైపు తిరిగే మట్టిరోడ్డు మీద ఎవరైనా కోడిని చంకలో పెట్టుకుని నడుస్తున్నారంటే, చుట్టాలింటికి పోతున్నట్టు. ఆ కోడి మెడ వేలాడేసి ఉంటే మాత్రం అంతోనమ్మ ఇంటికే.

అంతోనమ్మకు యాభై ఎనిమిదేళ్లు. మొగుడు సంసోను ఇల్లందు బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. బావిలో పేలుళ్లకు చెవులు సగం పోయాయని, మిగతా సగం పెళ్లానికి ఇచ్చేశానని చెప్పుకుంటాడు. ఆమె నోరు అలాంటిది. ఆదివారం ప్రసంగం పొడుగైతే చర్చిలో చాప మీది నుంచే, "అయ్యగారూ, పొయ్యి మీద కూరుంది" అని గుర్తుచేసే మనిషి.

అయినా చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో ఆమెను కోళ్ల డాక్టరమ్మ అంటారు. కోడి తెల్లగా పారుకుంటున్నా, రెక్కలు వేలాడేసి మూలన కూర్చున్నా ఆమె దగ్గరికి తెస్తారు. ఆమె లోపలికి పోయి ఆకుపచ్చ ముద్ద నూరుకొచ్చి, గోలీలా చుట్టి, కోడి నోరు తెరిచి లోపలికి తోస్తుంది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని సిలువ గుర్తు వేస్తుంది. తెచ్చినవాళ్లు వేరే దేవుణ్ణి కొలిచేవాళ్లయితే అదే మాట గొంతులో అంటుంది. పదింటిలో ఏడు కోళ్లు బతుకుతాయి. చచ్చిన మూడింటికీ ఆమె దగ్గర ఒకటే జవాబు: "లేటుగ తెచ్చిండ్రు."

అసలు సంగతేమిటంటే, ఆ ముద్దలో ఏ ఆకు ఉండాలో అంతోనమ్మకు తెలియదు.

మందు ఆమె అత్తది. ఆకు పేరు అడిగితే ముసలామె, "టైమొచ్చినప్పుడు చెప్త" అనేది. ఆ టైము రాకముందే ఒకరోజు టీ తాగుతూ తాగుతూ పోయింది. మట్టి చేసి నెల తిరగకముందే తండా నుంచి ఒకామె జబ్బు కోడితో వచ్చింది. ముసలమ్మ లేదంటే, "నువ్వున్నవ్ గద" అని కూర్చుంది. తెలియదు అనే మాట అంతోనమ్మ నోటికి ఎప్పుడూ అలవాటు లేదు. దొడ్లోకి పోయి చేతికందిన నాలుగు ఆకులు తెంపి, పసుపు కలిపి నూరి పెట్టింది. వారం తిరిగేసరికి ఆ కోడి లేచి గుడ్డు పెట్టింది. ఇంకేముంది, పేరు వచ్చేసింది. ఇది జరిగి ఇరవై రెండేళ్లు.

మొన్నటి జూన్‌లో ఫ్లోరెన్స్ వచ్చింది. ఇల్లందు పిల్ల, పశువైద్య కాలేజీలో పరిశోధన చేస్తోంది. బస్సు దిగి, భుజాన ఐసుడబ్బాతో వాకిట్లో నిలబడి, "పెద్దమ్మా, మీ కోళ్ల రక్తం కొంచెం కావాలె" అంది.

"కోడి కూర అడిగేటోళ్లను చూసిన గని, గిదేందే పిల్లా?"

ఫ్లోరెన్స్ కూర్చుని ఓపికగా చెప్పింది. ఫారం కోళ్లకు దాణాలో మందులు కలిపి కలిపి, ఆ మందులకు లొంగని రోగాలు తయారవుతున్నాయి. పెరటి కోడి మాత్రం చెత్త తింటుంది, మురికినీళ్లు తాగుతుంది, అయినా చాలాసార్లు తట్టుకుంటుంది. దానికో కారణం దాని ఒంట్లోనే ఉంది.

"కోడి తెల్లకణాలల్ల, పేగు లోపలి పొరల చిన్నచిన్న ప్రొటీన్ ముక్కలు తయారైతయ్ పెద్దమ్మా. పెప్టైడ్లు అంటం. రోగం తెచ్చే బ్యాక్టీరియా వస్తే, అవి దాని పైపొరకు అతుక్కొని చిల్లులు పొడుస్తయ్. అది పగిలి చస్తది."

"అంటే లోపల గూడ పొడుసుడేనా దీని పని?" అంది అంతోనమ్మ, గుమ్మం ఎక్కబోతున్న పుంజును కాలితో నెట్టుతూ.

"అట్లనే అనుకో. మన ఒంట్ల గూడ గట్లాంటివి ఉంటయ్."

"నాకుంటయ్. మా ఆయనకే డౌటు."

సంసోనుకు వినబడలేదు. మర్యాదగా నవ్వాడు.

రెక్క కింద నరంలోంచి నాలుగు చుక్కల రక్తం తీయడం వరకు బాగానే జరిగింది. చిక్కంతా ఫ్లోరెన్స్ ఆకుముద్ద గురించి అడగడంతో వచ్చింది. మందు వేసిన కోడికీ వేయని కోడికీ తేడా ఉంటే తన లెక్క తప్పుతుంది కాబట్టి ఆకు పేరు రాసుకోవాలంది. అంతోనమ్మ జామాకు అని చెప్పింది. తర్వాతి వారం అడిగితే వావిలాకు. ఆ పై వారం, "అడవిల దొరుకుతది, పేరు చెప్తే పని చెయ్యది."

ఫ్లోరెన్స్ నోటుపుస్తకం తిరగేసింది. "మొదాలు జామాకన్నవు, తర్వాత వావిలాకన్నవు. ఇయ్యాల పేరే లేదంటున్నవు. ఏంది పెద్దమ్మా ఇది?"

చదువుకున్న పిల్లలతో ఇదే పేచీ, అన్నీ రాసుకుంటారు. అంతోనమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది. సంసోను బజారుకు పోయాడు, వాకిట్లో ఎవరూ లేరు.

"ఏ ఆకు చేతికందితే ఆ ఆకు," అంది చివరికి. "మా అత్త చెప్పకుంటనే సచ్చింది. ఎవనికన్న చెప్పినవంటే నీ ఐసుడబ్బ వాగుల పడేస్త."

ఫ్లోరెన్స్ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు తగ్గాక అంతోనమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఆమె నవ్వడం లేదు.

"నవ్వుకో గని, ఒకటి చెప్పు. పని చేస్తుందా, లేదా? ఇరవై రెండేండ్ల సంది నాకే తెల్వదు. బతికిన కోడిని చూస్తే చేస్తుందనిపిస్తది. నూరేటప్పుడు దొంగతనం చేస్తున్నట్టుంటది."

అలా మొదలైంది పరీక్ష. అంతోనమ్మ పెరట్లోని నలభై పెట్టల్లో ఇరవైకి కాలికి ఎర్రదారం, ఇరవైకి నీలం దారం కట్టారు. వారానికి రెండుసార్లు ఎర్రదారం కోళ్లకు ముద్ద, నీలం వాటికి ఏమీ లేదు. ఆకులు ఎప్పటిలాగే, చేతికందినవి. జూలై వానలకు ఊళ్లోకి పారుడు రోగం దానంతట అదే వచ్చింది.

మొదటి వారంలోనే మచ్చల పెట్ట పడిపోయింది. అది కుంటిది. అంతోనమ్మకు దాని మీద ప్రాణం. అన్నం ముందు దానికి పెట్టి తర్వాత మొగుడికి పెట్టేది. దాని కాలికి నీలం దారం. మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు అంతోనమ్మ ఆకుగోలీ చేతిలో పట్టుకుని గంప దగ్గర కూలబడింది. సంసోను చూరు కిందికి వచ్చాడు.

"నీలం దారం గదనే అది."

"నా కోడి, నా మందు. నీకేంది?"

"నాకేం లేదు. ఆ పిల్ల లెక్క ఆగమైతది. నీకు గూడ ఎన్నటికీ తెల్వకుంటనే పోతది."

ఈ మనిషికి వినబడకూడనివన్నీ ఎలా వినబడతాయో! ఆ రోజు ఫ్లోరెన్స్‌తో చెప్పిన సంగతి ఈయనకు ఎప్పుడు తెలిసిందో అని ఆమె నోరు తెరుచుకుని చూసింది. సంసోను బీడీ ముట్టించుకుని, "పెండ్లాం దొడ్లకెళ్లి ఏ ఆకు తెంపుకొస్తుందో చూడనికి చెవులెందుకు?" అన్నాడు.

అంతోనమ్మ గోలీని గోడకేసి కొట్టింది. మూడు రోజులు ఆ కోడి ముందు నీళ్ల చిప్ప మారుస్తూ, దానికి చలి తగలకుండా పాత గోనెసంచి కప్పుతూ, దాన్నీ దేవుణ్ణీ కలిపి తిడుతూ కూర్చుంది. నాలుగో రోజు పొద్దున మచ్చల పెట్ట లేచి, కుంటుకుంటూ వచ్చి నూకలు ఏరింది. అంతోనమ్మకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ వెంటనే ఒళ్లు మండింది. మందు లేకుండానే బతికింది మరి!

ఆగస్టు చివర్లో ఫ్లోరెన్స్ కాగితం తెచ్చింది. ఎర్రదారంలో నాలుగు చచ్చాయి, నీలంలో మూడు.

"నా మందు ఒకదాన్ని అదనంగ చంపిందంటవా?"

"అనను పెద్దమ్మా. ఒకటి తేడా తేడా కాదు. రెండూ ఒక్కటే. రోగమొచ్చినప్పుడు ఆ పెప్టైడ్లు రెండు గుంపులల్ల గూడ పెరిగినయ్. అవొక్కటే కాపాడినయని చెప్పలేను, ఒంట్ల ఇంకా చానా ఉంటయ్. గని ముద్ద పెట్టినందుకు మాత్రం ఏం కాలే."

అంతోనమ్మ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "బతికింది కోడి, పేరొచ్చింది నాకు," అని లేచి పోయింది.

మూడో రోజు వాగవతలి గూడెం నుంచి హేమ్లా జబ్బు కోడితో వచ్చాడు. పొద్దున బయల్దేరి మోకాళ్ల లోతు నీళ్లు దాటొచ్చాడు. మందు లేదు, విడిగా పెట్టి, మంచినీళ్లు తాగించి, వెచ్చగా ఉంచమంది అంతోనమ్మ.

"నా మీద కోపమా అక్కా?" అన్నాడు హేమ్లా. ఎంత చెప్పినా నమ్మలేదు. వాకిట్లో జామాకు తానే తెంపి, "జర నూరియ్యి" అని బతిమాలాడు. ఆమె ఇవ్వలేదు. మొహం మాడ్చుకుని పోయాడు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు అంతోనమ్మ లేచి నిలబడింది. "ఇన్నేండ్లు మీ కోళ్లకు వేసింది మందు గాదు, గడ్డి. బతికేటి శక్తి దేవుడు కోడి పేగులల్లనే పెట్టిండు, నా చేతుల పెట్టలే" అంది. పాస్టరుగారు ఏమనాలో తోచక "ఆమెన్" అన్నారు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర ముగ్గురు ఆడవాళ్లు ఆపి, ఎంత అణకువమ్మా నీకు అని మెచ్చుకుని, సాయంత్రం కోళ్లను తెస్తామన్నారు.

ఆమె తిట్టిన తిట్లు రోడ్డు మీద పోయేవాళ్లు ఆటో ఆపి మరీ విన్నారు.

ఈ సంగతి చెబితే ఫ్లోరెన్స్ ఆలోచించి, "నీ మాట ఇంతగ నమ్ముతరు గద, టీకా వేయి పెద్దమ్మా" అంది. కొక్కెర తెగులొస్తే కోడి ఒంటి బలం ఒక్కటే చాలదు, గంపలకు గంపలే ఖాళీ అవుతాయి. దానికి పశువుల దవాఖానాలో చుక్కల టీకా ఉంది. గూడేల వాళ్లు ఎవరూ అడగడానికి పోరు. అంతోనమ్మ రెండుసార్లు అక్కడికి పోయి చుక్క ఎలా వేయాలో నేర్చుకుంది.

ఎండాకాలం మొదట్లో, ఐసుముక్కల మధ్య టీకా సీసా పెట్టుకుని, సంసోను మోపెడ్ వెనక కూర్చుని హేమ్లా గూడేనికి పోయింది. ఆకు తేలేదా అని అందరూ అడిగారు. తేలేదంది. కోడి కంట్లో చుక్క వేసింది. సిలువ గుర్తు మానలేదు. అది లేకపోతే ఎవరూ రెండో కోడిని పట్టివ్వడం లేదు. అరవై ఏడు కోళ్లయ్యాక హేమ్లా తన పుంజును తెచ్చాడు. అది ఆమె బొటనవేలు రక్తం వచ్చేలా పొడిచింది. అంతోనమ్మ దాని ఏడు తరాలనూ తిట్టి, కాళ్ల మధ్య బిగించి పట్టి, కనురెప్ప తెరిచి చుక్క వేసి, ఇంకో కోడిని తెమ్మంది.