చప్పుడు కాకుండా దించిన బరువు

మొన్న ఆదివారం వసంత్ కుంజ్‌లో మా అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్తే, అన్నయ్య కూతురు ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టి ఒక వీడియో చూపించింది. జిమ్‌లో నేల మీంచి ఎనభై కిలోలు లేపుతోంది పిల్ల. చుట్టూ అద్దాలు, రంగురంగుల ప్లేట్లు, చెవులు చిల్లులు పడే పాట, లేపీ లేపగానే ధడేల్మని కింద పడేసి రెండు చేతులూ పైకెత్తి ఒక కేక. "దేఖో బువా, ఎయిటీ!" అంది, మేనత్తనైన నాతో, మురిసిపోతూ. నాకూ మురిపెంగానే ఉంది గాని, నా కళ్ళు బరువు మీద ఎక్కడున్నాయి, దాని నడుం మీద ఉన్నాయి. విల్లులా వంగిపోయింది నడుం. ఆ మాటే అంటే మూతి ముడుచుకుంది. అన్నయ్య మాత్రం నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాడు, ఎందుకంటే నా నోట్లోంచి ఊడిపడ్డది అచ్చం మా అమ్మ మాట.

మా నాన్న కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా, అమ్మ ఒక పెద్దాసుపత్రిలో నర్సు. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఢిల్లీలో పడ్డ కుటుంబం మాది. ఆర్.కె. పురం క్వార్టర్లలో ఆఖరి అంతస్తు మాకిచ్చారు. ఎండాకాలం ఆ ఇంట్లో ఉడికిపోయేవాళ్ళం, అయినా పైన డాబా అంతా మాదే అన్నట్టు ఉండేది కాబట్టి నాకూ అన్నయ్యకీ అదో రాజ్యం. ఎనభైల్లో, కాలేజీలో చేరిన కొత్తలో, అన్నయ్యకి కండలు పెంచాలన్న పిచ్చి పట్టింది. క్వార్టర్ల మరమ్మతుకి వచ్చిన మేస్త్రీని బతిమాలి కాస్త సిమెంటు తెచ్చి, రెండు పెద్ద డాల్డా డబ్బాల్లో పోసి, మధ్యన నీళ్ళ గొట్టం గుచ్చి ఆరబెట్టాడు. అదే మా మొదటి బార్బెల్. తను అలిసిపోయి గోడకి జారబడినప్పుడు సరదాకి నేను ఎత్తేదాన్ని, ఎత్తగా ఎత్తగా సరదా కాస్తా వ్యసనమైంది, నెల తిరిగేసరికి జారబడేది తనూ ఎత్తేది నేనూ అయ్యాం. ఈ మాట ఇప్పటికీ అన్నయ్య ఒప్పుకోడు.

అయితే మాకొక చిక్కుండేది. మేం బరువులు ఎత్తే చోటుకి సరిగ్గా కింద గదిలో, రాత్రి డ్యూటీ చేసొచ్చిన అమ్మ పగటిపూట నిద్రపోయేది. పైన డబ్బా గట్టిగా తగిలిందంటే కింద అమ్మ మొహం మీద సున్నం పెళ్ళలు రాలేవి. అందుకని అన్నాచెల్లెళ్ళం మాలో మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: ఎంత బరువైనా ఎత్తు, కాని దించేటప్పుడు నిద్రపోతున్న పసిపాపని పక్క మీద వేసినట్టు దించాలి, చప్పుడైతే ఆ ఎత్తు లెక్కలోకి రాదు. బరువులెత్తేవాళ్ళకి తెలుస్తుంది ఇదెంత కష్టమో. ఎత్తడానికి ఒక ఊపు చాలు, మెల్లగా దించాలంటే తొడలూ వీపూ పొట్టా అన్నీ మాట వినాలి. పద్ధతి తప్పితే దించలేం. దించలేని బరువు జోలికి పోయేవాళ్ళమే కాదు.

చప్పుడు లేదు గనకే చాలా రోజులు అమ్మకి నా సంగతి తెలియలేదు. ఒక చలికాలం మధ్యాహ్నం ఆరేసిన తెల్లచీర తీసుకుందామని పైకొచ్చి, గొట్టం పట్టుకుని వంగి ఉన్న నన్ను చూసింది. తిడుతుందనుకుంటే, చీర భుజాన వేసుకుని నా చుట్టూ ఒకసారి తిరిగి, నా నడుం మీద అరచెయ్యి ఆనించి, "వీపు కాదే వంచేది, మోకాళ్ళు. మంచం మీది మనిషిని లేపేటప్పుడు మేం వీపు వంచామనుకో, మర్నాడు పక్క మంచం మీద మేమే పడుకోవాలి" అంది. ఆ సాయంత్రం నాన్న, ఆడపిల్లకి ఈ ఇనుపగోల ఏమిటి, రేపు నడుం పడిపోతే ఎవరు చూస్తారని ఎగిరిపడితే, నడుం సంగతి నాకొదిలెయ్యండి అని అమ్మ ఒక్కమాటలో తేల్చేసింది. నాకు మాత్రం షరతు పెట్టింది. బరువు కింద నా వీపు వంగడం ఏ రోజు తన కంట పడితే ఆ రోజే పాత సామాన్లు కొనే కబాడీవాణ్ణి పిలిచి డబ్బాలూ గొట్టమూ తూకానికి వేసేస్తుందట. వేసేసే మనిషే.

ఆ మర్నాటి నుంచి నాకు గురువు దోమతెర కర్ర. దాన్ని నా వీపున నిలువుగా ఆనించి, తల వెనకా, భుజాల మధ్యా, నడుం కిందా మూడుచోట్లా తగులుతూ ఉండగా వంగి లేవమనేది అమ్మ. ఎక్కడ కర్రకీ ఒంటికీ ఎడం వచ్చినా మళ్ళీ మొదటికే. బరువు ముట్టుకోనివ్వకుండా చాలా వారాలు ఇదే తంతు. ఏడుపొచ్చేది, విసుగొచ్చేది, "అమ్మా, ఇంక చాలే!" అని అరిచేదాన్ని. అన్నయ్య పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆనందించేవాడు.

తర్వాత మునిర్కాలో ఒక రేకుల షెడ్డులో బరువులు నేర్పే గురూజీ దగ్గర చేరాను. ఆడపిల్లలకి ఈ పోటీలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. మొగవాళ్ళ మధ్య సల్వార్ కమీజులో నేను. గురూజీ బంగారంలాంటి మనిషే, కాని ఆయనకి లోకంలో బరువొక్కటే కనిపించేది, "వజన్ బఢా, బేటీ!" అని బరువు పెంచమనడం తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మన తెలుగు ఆంటీలు నా జబ్బ పట్టుకుని, బజార్లో బెండకాయ విరిచి చూసినట్టు నొక్కి చూసి, అయ్యో పిల్లా అనేవారు. నాకు సిగ్గేమీ వేసేది కాదు. ఇంకాస్త బిగించి చూపించేదాన్ని.

అలా ఢిల్లీ పోటీల దాకా వచ్చాను. నా ఒంటి బరువు తరగతిలో మొదట వచ్చిన అమ్మాయికే జాతీయ పోటీలకి వెళ్ళే అవకాశం. జట్టుకిచ్చే, వీపు మీద ఢిల్లీ అని రాసి ఉన్న ఆ కోటు వేసుకోవాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను, నిద్రలో కూడా దాని జేబుల్లో చేతులు పెట్టుకునేదాన్ని. అమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. నాన్న దూరంగా పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నజఫ్‌గఢ్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికీ నాకూ చివరిదాకా పోటీ నడిచింది. ఆ పిల్ల బలం బలం కాదు. ఆఖరి ఎత్తుకి ఆమె వీపు కొడవలిలా వంగింది, అయినా బరువు తల మీద నిలిచింది, ఎత్తు చెల్లిందని తెల్లదీపాలు వెలిగాయి. రూల్లో వీపు ప్రసక్తే లేదు మరి. ఆమెని దాటాలంటే నేను అంతవరకూ ఎప్పుడూ ఎత్తని బరువు ఎత్తాలి. గురూజీ నన్నడక్కుండానే ఆ బరువు నా పేరు మీద రాయించేశాడు. "దమ్ లగా దే!" అని ఆయన, కానియ్యవే కానియ్యి అని అన్నయ్య.

వేదిక ఎక్కి బార్ పట్టుకున్నాను. నేల విడిచింది. పిక్కలు దాటి మోకాళ్ళ దాకా వచ్చింది. సరిగ్గా అక్కడ, అమ్మ చెయ్యి ఆనించిన చోట, నడుం సడలడం తెలిసింది. ఇంకొక్క గుంజు గుంజితే వచ్చేదేమో, వంగిన వీపుతో వచ్చేదేమో, ఆ అమ్మాయికి వచ్చిందిగా! షరతు గుర్తొచ్చి భయపడ్డానని అనుకోకండి, అమ్మ కూడా గుర్తు రాలేదు ఆ క్షణాన. ఇది నేను ఎత్తే పద్ధతి కాదు అనిపించింది, అంతే. ఊపిరి బిగపట్టి, వీపు మళ్ళీ నిలబెట్టుకుని, ఆ బరువుని వేదిక మీద చప్పుడు కాకుండా దించాను. ఎర్రదీపాలు వెలిగాయి. గురూజీ తువ్వాలు నేలకేసి కొట్టాడు. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు మధ్యన చప్పట్లు వినిపించి తల తిప్పితే, హాలంతా కూర్చుని ఉండగా మా అమ్మ ఒక్కతే లేచి నిలబడి కొడుతోంది.

ఇంటికెళ్ళే బస్సులో అన్నయ్య నాకు దూరంగా వెళ్ళి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. నాన్న తనకి దొరికిన సీటు నాకిచ్చి, కూర్చో, నడుం అలిసిపోయుంటుంది అన్నాడు. అమ్మ కిటికీలోంచి చూస్తూ, "రేపట్నుంచి ఇంకో గుడ్డు తినాలి నువ్వు. ఆ బరువుకి ఈ తిండి చాలదు" అంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఆ అమ్మాయి నడుం తర్వాత విరిగిందని రాస్తే కథ రక్తికట్టేది గాని, అలాంటిదేమీ జరగలేదు, జాతీయ పోటీల్లో మెడల్ కూడా తెచ్చుకుంది మహాతల్లి. మరుసటేడు అదే బరువు, కర్ర పెట్టి కొలిచినట్టున్న వీపుతో, తలమీద నిలబెట్టి కోటు నేనూ వేసుకున్నాను. ఆటల కోటాలో ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా ఒక్కరోజు కూడా నడుం నొప్పని సెలవు పెట్టలేదు. గొప్పగానే చెప్పుకుంటాను, ఎందుకు చెప్పుకోకూడదు?

ఇప్పుడా క్వార్టర్లలో చాలావాటిని పడగొట్టేశారు, మునిర్కా షెడ్డు ఎక్కడుండేదో ఆనవాలు పట్టలేను. ఆడపిల్లలు మాకు కలలో కూడా దొరకని ఇనుముతో, మాకు లేని ధైర్యంతో ఎత్తుతున్నారు, చూస్తుంటే కడుపు నిండుతుంది. కాని ఎత్తిన క్షణాన్నే అందరూ చూస్తారు, మెచ్చుకుంటారు. నేను ఎత్తిన బరువులకి తర్వాత చాలా హాళ్ళలో చప్పట్లు మోగాయి, ఎవరెవరు కొట్టారో ఒక్క మొహమూ గుర్తులేదు. దించిన బరువుకి కొట్టింది మా అమ్మ ఒక్కతే. ఆవిడ పోయాక, ఇంకెవరూ కొట్టలేదు.