లైట్‌హౌస్ మెట్ల మీద నాయన దగ్గు

డాక్టరు మెట్లు ఎక్కొద్దని మాత్రమే చెప్పాడు. లైట్‌హౌస్ పేరెత్తలేదు కాబట్టి అది ఎక్కొచ్చని మా నాయన తీర్మానించుకున్నాడు. కేజీఎఫ్ బంగారు గనుల్లో ముప్పై ఏళ్ళు రాతిదుమ్ము మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. "బతుకంతా భూమి కిందికే పోయినాను. ఒక్కతూరి పైకెక్కి చూస్తాను లేప్పా" అన్నాడు. వద్దనాల్సింది నేనే. కానీ కార్వార్ దాకా వచ్చి, పడవెక్కి దీవికి చేరాక, ఈయన్ని కింద కూర్చోబెట్టి గొడవ పడటం ఎందుకని ఊరుకున్నాను. మా కేజీఎఫ్ పక్కన నరసాపురంలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో నెలల తరబడి అడిగితే దొరికిన సెలవది. దాన్ని పాడుచేసుకోవడం నాకిష్టం లేకపోయింది.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో కట్టిన ఆ స్తంభం లోపల ఇరుకుగా, చెమ్మగా ఉంది. చుట్టూ తిరుగుతూ పైకి పోయే మెట్లు, అంతంతమాత్రం వెలుతురు. మా పాప ముందు పరిగెత్తింది. దాని వెనక నేనూ నా భార్యా, మా వెనక నాయన దగ్గు.

ఆ దగ్గుకు మేం ఏనాడూ భయపడలేదు. నేను పెరిగిన గని కార్మికుల లైను ఇళ్ళలో, వచ్చేది ఎవరో దగ్గును బట్టే తెలిసేది. నాయన దగ్గు సందు చివర వినబడగానే అమ్మ కంచంలో సంగటి పెట్టేది. పెద్దయ్యాక, టీవీ వినబడనివ్వడం లేదని నేను ఆ దగ్గునే విసుక్కునేవాణ్ణి.

సగం ఎక్కాక దగ్గు ఆగింది.

"చూసినావా, సముద్రం గాలికి నాయన దగ్గు ఎట్ల నిల్చిపోయిందో!" అన్నాను సంతోషంగా.

నా భార్య పుట్టిల్లు క్యాసంబళ్ళి. రైతుల ఇంటి పిల్ల, మా దగ్గులు ఆమెకు అలవాటు కాలేదు. "మామ ఇంగా రాలేదే. ఒక్కతూరి దిగి చూసి రాండి" అంది.

"దగ్గినా తప్పే, దగ్గకపోయినా తప్పేనా నీకు? నిదానంగా వస్తాడులే" అని కసిరాను.

పైకి వెళ్ళి పాపకు ఫోటోలు తీశాను. కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. మేమొచ్చిన పడవ రాళ్ళ పక్కన అటూ ఇటూ ఊగుతోంది. ఫోను చేతిలో ఉందన్న మాటే గానీ నా చెవి మెట్ల వైపే ఉంది. అటునుంచి ఏ చప్పుడూ రాలేదు. అప్పుడు భయం వేసింది.

పరుగున దిగాను. నాయన ఒక మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి. దగ్గడానికి కూడా ఊపిరి చాలక దగ్గు ఆగిపోయిందని నాకప్పుడు అర్థమైంది. "పాప... చూసిందా... సముద్రం?" అన్నాడు, మాటమాటకూ ఆగుతూ.

అక్కడి కాపలా మనిషీ నేనూ కలిసి ఆయన్ని మోసుకొచ్చి పడవలో పడుకోబెట్టాం. ఒడ్డు కనబడుతూనే ఉంది, ఎంతకీ దగ్గర పడదు. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని గుండెల మీద రుద్దుతూ, "దగ్గు నాయనా, ఒక్కతూరి దగ్గు" అని బతిమాలాను. పాప కూడా "దగ్గు తాతా" అంది. పడవ ఇసుకను తాకేదాకా అడుగుతూనే ఉన్నాం. ఆయన దగ్గలేదు.