రెండో పేరుకు వదిలిన జాగా

పోయిన బుధవారం పొద్దున బోధన్‌లో నా జిరాక్స్ షాపు షట్టర్ సగం లేపానో లేదో అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా. ఛాతీల నొప్పన్నడు, మంచినీళ్లు అడిగిండు. నేను తెచ్చేసరికి లేడు," అంది. ఆమె ఏడవలేదు. నేనే షట్టర్ పట్టుకుని నిలబడి ఏడ్చాను. లోపల టేబుల్ మీద మామ చివరి అర్జీ ఉంది. రెండ్రోజుల కింద ఇవ్వాల్సింది, కరెంటు పోయి ప్రింటు తీయలేదని వంక పెట్టి ఆపుకున్న అర్జీ అది. కరెంటు పోలేదు. నా ధైర్యం పోయింది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఊళ్లో వరసకు మామ. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరకు వేసి, అది మూతపడ్డాక అందరిలాగే వరికి మారిన రైతు. గుప్పెడు మంది ఉన్న చిన్న పార్టీలో జీవితమంతా ఉన్నాడు. మొన్నటి ఎన్నికల్లో ఆ పార్టీ ఒక పెద్ద పార్టీతో పొత్తు పెట్టుకుంది. పెద్ద పార్టీ నిలబెట్టిన మనిషి కోసం మామ ఎండలో ఇంటింటికీ తిరిగాడు. "గీయనకు నేను పూచీ. మన కాలువ బాగుచేపిస్తడు," అని ప్రతి గడపలో చెప్పాడు. ఆ మాట నమ్మి మా అవ్వ కూడా ఓటేసింది. ఆయన గెలిచాడు. ఇక్కడ ఆయన్ని నాయకుడు అనే అంటాను, అంతకన్నా చెప్పను.

కాలువ బాగుచేయించాడు కూడా. పని చేసింది ఆయన బామ్మర్ది. నా షాపు ఉన్న గది యజమాని కూడా ఆ బామ్మర్దే. ఈ సంగతి ముందే చెప్పేస్తే నా పిరికితనం మీకు త్వరగా అర్థమవుతుంది.

ఆ ఏడాది యాసంగి పంటకు నీళ్లు వదిలితే మా చివరి పొలాల దాకా రాలేదు. పైన సగం దారిలోనే ఇంకిపోయాయి. మామ గడ్డపార తీసుకుని కాలువలోకి దిగాడు. నేను పక్కనే ఉన్నాను. రెండు పోట్లకు సిమెంటు పూత అప్పడంలా లేచి వచ్చింది. దాని కింద ఉత్త మట్టి. మామ ఆ పెచ్చును చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "వీనికేనా నేను పూచీ పడ్డది?" అన్నాడు. అప్పుడాయన మొహం నేను చూడలేకపోయాను.

మరునాడే షాపుకొచ్చి అర్జీ చెప్పాడు, నేను టైపు చేశాను. నాకు కోపమెక్కువ, వేళ్లు కూడా కోపంగానే కొడతాయి. 'దోచుకున్నారు' అని కొట్టాను. మామ కళ్లద్దాలు పైకి నెట్టి స్క్రీన్ దగ్గరికి వంగాడు. "గది తీసెయ్యి అల్లుడా. దోసుకున్నడని మనం సూడలే. సిమెంటు లేదని సూసినం. సూసిందే రాయి," అన్నాడు. ఎప్పుడూ అంతే. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఒక్కో మాటా పట్టుకునేవాడు. 'ఉంది' అన్నచోట 'ఉన్నది' అని దిద్దించేవాడు. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు కూడా నాకు ముద్దుగానే ఉంది.

మామకు ఇంకో పద్ధతి ఉండేది. ఎవరి మీద అర్జీ అయినా ముందు ఆ మనిషి ఇంటికి పోయి, ఎదురుగా కూర్చుని చదివి వినిపించేవాడు. ఆ తర్వాతే, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే సోమవారం చూసుకుని, నిజామాబాద్ బస్సెక్కేవాడు. "వద్దు మామా, జాగ్రత్త పడతడు," అని బతిమాలాను. "మన మనిషే గదా. మనోన్ని ఎనుక నుంచి పొడుసుడు ఏంది? మొఖం మీదనే అడుగుత," అన్నాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు. నాయకుడు చాయ్ తెప్పించి, మొత్తం విని, "అన్నా, నువ్వు సెప్పినంక కాదంటనా? నేను సూస్త," అన్నాడు. నిజంగానే చూశాడు. మామ అర్జీ ఇచ్చాక అధికారులు వచ్చేలోపే పెచ్చులూడిన చోటల్లా కొత్త పూత పడింది. వచ్చినవాళ్లు గోకి చూసి, బాగానే ఉందని రాసుకుని పోయారు. మామ అబద్ధాలకోరు అయ్యాడు. తర్వాతి తడికి ఆ పూత నీళ్లతో కొట్టుకుపోయింది, కానీ అది చూడ్డానికి ఎవరూ రాలేదు.

సొంత పార్టీ వాళ్లు పిలిచి పొత్తు చెడగొడుతున్నావన్నారు. సస్పెండ్ చేశారు. ఆ కాగితం కూడా జిరాక్స్ తీయించుకోవడానికి నా దగ్గరికే తెచ్చాడు. ఆ రోజు మాత్రం చాయ్ తాగలేదు. "ఎదుటోల్లు తప్పు జేస్తే అడుగుమని నేర్పింది గీ పార్టీయే. మనోల్లను అడుగొద్దని ఎప్పుడు నేర్పిండ్రో నాకు ఎరుకలేదు," అన్నాడు. కోపంగా కాదు, బడిలో దారి తప్పిన పిల్లాడిలా అన్నాడు.

అక్కడి నుంచి రెండో అర్జీ మొదలైంది. ఒక్కడే పెడితే పార్టీలోంచి తీసేసిన పగ అంటారు కాబట్టి ఇంకో పేరు కావాలి. చివరి పొలాల వాళ్లంతా తప్పుకున్నారు. మా బాపు రెండెకరాలూ ఆ చివర్నే ఉన్నాయి, ఎండిపోయిన నారు నేనే పీకి పారేశాను. అడిగే హక్కు నాకుంది. మామ నన్ను ఒక్కసారే అడిగాడు. "నీ షాపు సంగతి నాకు ఎరుకే. ఆలోచన జెయ్యి. జాగా ఇడిసిపెట్టు," అన్నాడు. తన పేరు కింద ఒక గీత, దాని మీద ఖాళీ. సోమవారం వస్తే ఒక సాకు, మళ్లీ సోమవారం వస్తే ఇంకో సాకు. ఆయన సాకులన్నీ నమ్మినట్టే తలూపి పోయేవాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడు తిట్టమని ఎవర్ని అడగను?

మధ్యాహ్నానికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. నాయకుడు కారులో వచ్చాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఆ తడి అబద్ధమని నేను అనను, మామ దాన్ని కూడా కొట్టేయించేవాడు. మెడలోని తన పార్టీ కండువా విప్పి, మామ మీద కప్పడానికి వంగాడు.

అత్త శవం తలాపున కూర్చుని ఉంది. "కప్పుదువుగని ఆగు నాయినా. నీకు సదివి ఇనిపిచ్చేది ఒకటి మిగిలింది ఆయినెకు. గది ఇని కప్పు," అంది. తర్వాత నా వైపు చూసింది. "సదువు బిడ్డా, నీ దగ్గరనే ఉన్నది గదా."

పొద్దున టేబుల్ మీంచి తెచ్చుకున్న అర్జీ జేబులోంచి తీశాను. అంతమంది ముందు, నా గది యజమాని కూడా నిలబడి ఉండగా చదివాను. కాలువలో ఏ తూము నుంచి ఏ తూము దాకా సిమెంటు లేదో చదివాను. ఎవరెవరి పొలాలకు నీళ్లు రాలేదో చదివాను. 'ఇట్లు' అని మామ పేరు చదివాను. కింద గీత ఒక్కటే ఉంది. దాని మీద ఏమీ లేదు. నా పేరు చెప్పాను. ఆ పేరు ఎన్ని సోమవారాలు ఆలస్యమైందో నాకే తెలుసు.

"అయిందా తమ్మీ?" అన్నాడు నాయకుడు. అయిందన్నాను. వంగి మామ ఛాతీ మీద కండువా కప్పాడు. ఎవరూ ఆపలేదు. అత్త కూడా ఆపలేదు. నాకూ చేతకాలేదు.

ఈ సోమవారం నేనొక్కణ్నే నిజామాబాద్ పోయి అర్జీ ఇచ్చి వచ్చాను. తీసుకున్నతను మొదటి పేరు మీద వేలు పెట్టి, ఈయన రాలేదా అని అడిగాడు. వచ్చేసరికి గది ఖాళీ చేయమని కబురు ఉంది. మా పొలంలో ఈసారి నారు పోయలేదు. పోసేందుకు నీళ్లుంటే కదా.

ఆ బుధవారం సాయంత్రమే మామను ఆయన పొలంలో దహనం చేశాం. గట్టంతా తుమ్మకంపతో మూసుకుపోయింది, పాడె పట్టే దారి లేదు. అందుకని కాలువలోకి దిగి నడిచాం. పైన నీళ్లు వదిలి వారమైనా మా దగ్గర అడుగు పొడిగానే ఉంది. పాడెకు ముందు కర్ర నాయకుడు పట్టాడు, ఆయన వెనక నేను. చెప్పులు విడిచిన ఆయన కాళ్ల కింద, అడుగడుక్కీ, సిమెంటు పెచ్చులు విరుగుతూనే ఉన్నాయి.