డాబా మీది ప్యానెల్

పొద్దున్నే పక్కింట్లో ఎవరో బూడిదగుమ్మడి వడియాలు వేయిస్తున్నారు. ఆ వాసనకు న్యాయంగా నాకు అమ్మ గుర్తు రావాలి. గుర్తొచ్చింది మాత్రం సాల్మన్ మాస్టారు. చిలకలగూడలో మా కింది వాటాలో ఉండేవారు. లా కాలేజీలో అంతర్జాతీయ వాణిజ్య చట్టం చెప్పేవారు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా "సంప్రదింపులు జరగాలి" అనే రకం.

అమ్మ డాబా మీద వడియాలు పెట్టి అమ్మేది. మా ఇల్లు ఆ ఎండ మీదే నడిచేది. పక్క వాటా రజితమ్మ చీరలకు రంగులద్ది అదే డాబా మీద ఆరేసేది. ఒకరోజు మా వడియాలు నీలంగా తేలాయి.

"నా పొట్ట కొడుతున్నావు కదే!" అంది అమ్మ.

"నీ వడియాలకొచ్చే కాకులు నా చీరలు ఖరాబ్ చేస్తున్నయ్, గదేం జెప్పవక్కా?" అంది రజితమ్మ.

వారంలో తేల్చుకోకపోతే డాబాకు తాళమేస్తానన్నాడు ఇంటి ఓనరు. తాళం పడితే ఇద్దరి బతుకూ రోడ్డున పడినట్టే.

మాస్టారు సంబరంగా రంగంలోకి దిగారు. "దేశాలు కొట్టుకుంటే ఏం చేస్తారమ్మా? మాటలతో తేలకపోతే ముగ్గురితో ప్యానెల్ వేస్తారు. సూచించిన పేర్లను గట్టి కారణం లేకుండా కాదనకూడదు. తగువులో ఉన్న దేశాలవాళ్లు కూర్చోకూడదు."

పాలాయన పేరు చెప్తే, రజితమ్మ ఊరివాడని అమ్మ వద్దంది. ఎదురింటి టీచరమ్మ అంటే, "ఆమె ఈ అక్క పెట్టిన వడియాలు పోయినేడు సుత తిన్నది" అంది రజితమ్మ. పాస్టరుగారు? "ఆ సార్ ప్రార్థన షురూ జేస్తే ఎండే పోతది." గట్టి కారణమేనని మాస్టారే ఒప్పుకున్నారు.

పేర్లు కుదరకపోతే, ఆ దేశాలన్నీ చేరిన వాణిజ్య సంస్థ పెద్దే ముగ్గురినీ వేస్తాడట. మాకు పెద్ద ఓనరే. ఆయన తన బావమరుదులు ముగ్గురినీ వేశాడు. అమ్మా రజితమ్మా మొదటిసారి ఒక్క గొంతుతో "వద్దు!" అన్నారు.

"మీరే కూర్చోరాదా మాస్టారూ?" అంది అమ్మ.

"పనికిరానమ్మా. నేనూ మీ వడియాలు తిన్నవాణ్ణే." నవ్వారు. "ఆ దేశాల ప్యానెళ్లకు పనికొచ్చేవాళ్ల పట్టికలో ఏళ్లుగా నా పేరుంది. ఏ తగువొచ్చినా మన దేశం ఏదో మూల అందులో ఉంటుంది. ఒక్కసారీ పిలవలేదు."

రజితమ్మ అడిగింది: "రెండు దిక్కులోళ్లు ఒప్పుకున్నా కూసోవద్దా సార్?"

మాస్టారు తెల్లబోయారు. "కూర్చోవచ్చు. నియమంలోనే ఉంది."

"మరి కూసోండ్రి. తిన్నరు, తిన్ననని జెప్పిండ్రు. దాసిపెట్టెటోళ్లతోనే పరేషాన్. ముగ్గురొద్దు, మీరొక్కరే చాలు."

అమ్మా తలూపింది. మాస్టారు కిందికెళ్లి, మండే ఎండలో నల్లకోటు వేసుకుని వచ్చారు. ఇద్దరి మాటా విన్నారు. డాబాలో పెద్ద భాగం చీరలకు. రంగు చుక్కలు ఎగిరిపడకుండా, గాలికి ఎగువనున్న మూల వడియాలకు. కాకులు వాలకుండా పైన కప్పడానికి పల్చటి పాత చీర రజితమ్మే ఇవ్వాలి. ఇదీ తీర్పు. ఓనరు తాళం మాట మళ్లీ ఎత్తలేదు. అమ్మ మూతి ముడుచుకుని మెట్లు దిగుతూ, "తిని కూడా న్యాయం తప్పలేదు మహానుభావుడు" అంది.

ఆ పెద్ద పిలుపు ఆయనకు చివరిదాకా రాలేదు. ఆయన పోయినరోజు రజితమ్మ "మా జడ్జి సారూ" అని ఏడుస్తుంటే ఆపడం మా తరం కాలేదు. ఇప్పుడు ఆఫీసులో తగువు తీర్చమని నన్ను పిలిస్తే, ఎవరితో నాకు చనువో ముందే చెప్పేస్తాను. కొందరు వద్దంటారు, హమ్మయ్య అనుకుంటాను. అంతా విని కూడా "పర్లేదు, కూర్చోండి మేడమ్" అన్నారా, అమ్మో, ఆ కుర్చీలో ఒళ్లు దగ్గరపెట్టుకుని కూర్చుంటాను!