పెన్‌డ్రైవ్ బారసాల

డూఫీ అక్క ఎడం చేత్తో పెన్‌డ్రైవ్‌ను తన కంప్యూటర్‌కు గుచ్చి, కుడి చేత్తో మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముతోంది. అంటే ఎవరి కంప్యూటరో మూలపడింది, ఇక్కడ బారసాల జరగబోతోంది. ఘానాలోని మా కుమాసీలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళకు కొదవలేదు. పెన్‌డ్రైవ్‌కు పేరు పెట్టందే పనికి దిగని మనిషి మాత్రం ఈమె ఒక్కతే. పక్క బల్ల మీద ఫోన్లు విప్పుకునే నేను ఈ వేడుకలన్నిటికీ పిలవని చుట్టాన్ని.

ఆ గురువారం వచ్చినవాడు ట్వుమాసి. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు పంచే జ్ఞాపకాల పుస్తకాలు తయారుచేస్తాడు. శనివారం ఒక పెద్దావిడను సాగనంపాలి. ఆవిడ ఫోటోలు, మనవలు రాసిచ్చిన మాటలు అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. అదేమో నల్లమొహం వేసుకుని కూర్చుంది. "అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించేద్దాం" అని ఎదురు కొట్టువాడు అన్నప్పటినుంచి ట్వుమాసి ఒక్కచోట నిలవడం లేదు.

"త్వరగా అక్కా. లేకపోతే ఆ ఇంటివాళ్ళు నన్నూ ఆవిడ పక్కనే పడుకోబెడతారు."

"ముందు కూర్చో. గురువారం పుడుతున్నాడు కాబట్టి వీడి వారం పేరు యావ్. రెండో పేరు నువ్వు చెప్పాలి."

"ఎవడు?"

"ఈ పెన్‌డ్రైవ్."

తెరమీద గీత నత్తలా పాకుతోంది. పెన్‌డ్రైవ్‌లోని పాతదంతా పోయి, కంప్యూటర్‌ను నిద్రలేపే సరంజామా అందులోకి ఎక్కుతోంది. ల్యాప్‌టాప్ తన సొంత డిస్కు జోలికి పోకుండా దీంతోనే లేవాలి.

"పేరు పెట్టకపోతే పనిచెయ్యదా?"

"అది చేస్తుంది. నేను చెయ్యను."

"సరే, మా మావయ్య పేరు పెట్టు. అగ్యెకుమ్."

"ఎలాంటివాడు మీ మావయ్య?"

"మధ్యాహ్నం దాకా నిద్రపోతాడు."

"పడుకున్న మిషన్ను లేపాల్సినవాడికి నిద్రమొహం పేరా? ఇంకోటి చెప్పు."

ఇద్దరు బాబాయిలు, ఒక పాస్టరు తేలిపోయాక, కోడి కంటే ముందు లేచి ఊరంతా లేపే తాత ఓబెంగ్ నెగ్గాడు.

"బారసాలలో బిడ్డ నాలుకమీద నీళ్ళచుక్క వేస్తాం కదా. వీడికి తడి పడదు. బదులు నువ్వు తాగు. చుక్క కాదు, గ్లాసంతా."

తాగాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. గీత కూడా చివరికంటా వచ్చింది.

అక్క పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఆన్ చేస్తూనే ఒక బటన్‌ను టకటకా కొట్టింది. దేంతో లేవమంటావని అది అడిగింది. యావ్ ఓబెంగ్‌ను చూపించింది. కాసేపటికి పెద్దావిడ తెరమీద నవ్వింది.

ఫైళ్ళు వేరే డ్రైవ్‌లోకి వెళుతుంటే, అచ్చువాళ్ళకు ఫోన్ చెయ్యడానికి ట్వుమాసి బయటికి పరుగెత్తాడు.

"అక్కా, నిన్నటి క్వాకూని ఓసారి ఇస్తావా?" అన్నాను నేను.

"క్వాకూ ఎవడు?"

"నిన్న బుధవారం పేరు పెట్టి బారసాల చేశావుగా, ఆ ఎర్రది."

"ఎర్రదా? డబ్బాలో వెతుక్కో."

డబ్బాలో ఎర్రవే గుప్పెడున్నాయి.

"ఒక్క పేరూ గుర్తులేదా నీకు?"

"నాకెందుకు? ఆ గీత పాకేంతసేపూ దాన్నే చూస్తూ కూర్చుంటే మనిషేమైపోతాడు? ఊరికే నీళ్ళు తాగమంటే మాత్రం ఎవడు తాగుతాడు?"

ట్వుమాసి తిరిగొచ్చాడు. అక్క మొహం మళ్ళీ గంభీరమైంది. ఫైళ్ళున్న డ్రైవ్ ముందు ఇచ్చి, తర్వాత పెన్‌డ్రైవ్ తీసి గుడ్డతో తుడిచింది.

"యావ్ ఓబెంగ్‌నూ తీసుకెళ్ళు. మళ్ళీ మొరాయిస్తే వీణ్ణి పిలువు."

పసిగుడ్డును అందుకున్నట్టు రెండు చేతులా అందుకుని, ట్వుమాసి దాన్ని చొక్కా జేబులో పడుకోబెట్టాడు.